నల్లా పక్కన మొలిచిన చెట్టు పేరు

2025 వానాకాలం. మొయినాబాద్‌లో మా ఇంటి వెనక పెరట్లో ఫజర్ నమాజుకు వుజూ చేసుకుంటున్నాను. నల్లా గట్టుకూ ప్రహరీ గోడకూ మధ్య సందులో జానెడు మొక్క కనపడింది. ఐదు ఆకులు. అమ్మీ వేసిన పుదీనా కాదు, కరివేపాకు కాదు, మెహెందీ మొలక కూడా కాదు. ఎవరూ నాటింది కాదు.

"యే కౌన్సా ఝాడ్ హై అమ్మీ?" అని అడిగాను.

అమ్మీ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "బడ్ కా హోగా" అంది. మర్రిదై ఉంటుందని. పక్కింటి పెద్దయ్య గోడ మీంచి తొంగి చూసి, "మర్రి గాదు సాబ్, రావి. పీకకుండ్రి, పాపం తగుల్తది" అన్నాడు. మా అమ్మాయి ఫోన్‌తో ఫొటో తీసింది. ఫోనేమో రబ్బరు మొక్క అని చెప్పింది. ఒక్క మొక్కకు మూడు పేర్లు.

వేరే మొక్కయితే నవ్వుకుని వదిలేసేవాణ్ని. కానీ దీని పేరు తేల్చడం మా ఇంట్లో చిన్న విషయం కాదు. మర్రి అయితే ఖాలాకు చెప్పాలి.

ఖాలా అంటే అమ్మీకి చెల్లెలు. రెండు గల్లీల అవతల ఉంటుంది. ప్రతి జుమ్మాకు మా ఇంటికొచ్చి, ఆ నల్లా దగ్గరే వుజూ చేసుకుంటుంది. ఇరవై ఏళ్లు దాటింది, మా ఖాలూ ఒక రాత్రి చేవెళ్ల నుంచి స్కూటర్ మీద వస్తూ, ఎదురొచ్చిన లారీ లైట్లకు కళ్లు చెదిరి, సడక్ పక్కనున్న మర్రి మొదలుకు గుద్దుకున్నారు. ఆస్పత్రి దాకా కూడా రాలేదు. ఆనాటి నుంచి ఖాలా ఆ సడక్ మీద బస్సెక్కితే కిటికీ వైపు కూర్చోదు. కూర్చున్నా దుపట్టా ముఖం మీదకు లాక్కుంటుంది. బడ్ అన్న మాట ఆమె ముందు మేమెవ్వరం అనం.

అందుకే ముందు పహచాన్ కావాలి. గుర్తుపట్టడం. ఆ తర్వాతే ఉంచాలా పీకాలా అన్న ఫైసలా.

*

నేను చదివింది ఉర్దూ మీడియం బడి. ఏడో జమాత్‌లో మా ఉస్తాద్ బోర్డు మీద 'నబాతియాత్' అని రాసి, చెట్ల ఇల్మ్ అంటే ఇదేరా అని చెప్పిన రోజు నాకు గుర్తుంది. ఆ మాట వెనక మన హైదరాబాద్ మెహనత్ ఉంది. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఉర్దూ బోధనా భాషగా ఏర్పడింది. దానికి కితాబులు కావాలని అంతకు ఒక్క ఏడాది ముందే, 1917లో, దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి నాజిమ్. సైన్సు, వైద్యం, ఇంజనీరింగ్, తారీఖ్, అన్నిటికీ కూర్చుని ఉర్దూ మాటలు తయారు చేశారు. తర్వాత నేను డిగ్రీ తెలుగులో చదివాను. అక్కడ అదే చెట్టు వటవృక్షమైంది, న్యగ్రోధమైంది. న్యగ్రోధమంటే కిందికి పెరిగేది. ఊడలు దింపే చెట్టుకు అంతకన్నా సరైన పేరు లేదు.

బర్గద్, బడ్, మర్రి, వటం, న్యగ్రోధం. ఒక చెట్టుకు నా నోట్లో ఐదు పేర్లున్నాయి. ఐదు ఆకులున్న మొలకను మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

మెల్లగా నేర్చుకున్నాను. మీ పెరట్లో కూడా ఇలాంటిది మొలిస్తే పనికొస్తుంది కాబట్టి చెప్తున్నాను.

మొదటి నిషానీ పాలు. ఆకు అంచు కొంచెం తుంచితే తెల్లటి పాలు కారాయి. కానీ పాలు జిల్లేడుకూ ఉంటాయి, అదొక్కటే గవాహీ చాలదు. రెండో నిషానీ కొన. కొమ్మ చివర కొత్త ఆకును ఒక సన్నటి మొనదేలిన తొడుగు కప్పి ఉంచుతుంది. ఆకు విచ్చుకోగానే ఆ తొడుగు రాలిపోయి, కాడ చుట్టూ ఉంగరంలాంటి గీత మిగులుతుంది. పాలూ ఉంగరమూ రెండూ ఉన్నాయంటే ఆ మొక్క అంజీర్ ఖాందాన్‌దే అని దాదాపు చెప్పొచ్చు. మర్రి, రావి, మేడి, జువ్వి, అన్నీ ఈ ఒక్క ఖాందాన్ బిడ్డలు. మనం ఉర్దూలో బడ్, పీపల్, గూలర్, పాకడ్ అనేవి ఇవే. ఖురాన్‌లో ఒక సూరాకు పేరైన తీన్, అంటే అంజీర్, వీటికి తోబుట్టువు. చివరికి ఫోన్ చెప్పిన రబ్బరు మొక్క కూడా ఈ ఇంటిదే. ఫోన్ మనిషిని తప్పు చెప్పింది గానీ ఖాందాన్‌ను సరిగ్గానే పట్టింది.

ఇక మిగిలింది ఆకు. రావి ఆకుకు చివర పొడుగ్గా తోక ఉంటుంది, సన్నటి పొడుగు కాడ మీద చిన్న గాలికే ఊగుతుంది. మేడి ఆకు పలుచన, కోల. జువ్వి ఆకు నున్నగా, వెడల్పు తక్కువగా ఉంటుంది. మర్రి ఆకు దళసరి, వెడల్పు, కొన మొద్దు. కాడ దగ్గర నుంచే మూడు నుంచి ఐదు ఈనెలు విడిపోతాయి, లేత ఆకు వెనక వేలితో రాస్తే సన్నటి నూగు తగులుతుంది. చిక్కేమిటంటే, ఈ తేడాలన్నీ పెద్ద ఆకుల్లో ఉంటాయి. పసితనంలో రావికి కూడా తోక సరిగ్గా రాదు. పుట్టిన వారానికే పిల్లవాడు దాదా పోలికా నానా పోలికా అని తగాదా పడే చుట్టాల్లా మేం తొందరపడ్డాం.

దసరా సెలవులకు ఆకులు తొమ్మిదయ్యాయి. కొత్తవి అరచేతి అంత వచ్చాయి. కొన మొద్దు. వెనక నూగు. ఒక ఆకు తెంపి డైరీలో పెట్టుకుని, సరిపోల్చుకోవడానికి బైక్ మీద చేవెళ్ల దారి పట్టాను.

*

మొయినాబాద్ వాళ్లకు ఆ దారి గురించి చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం చెప్తాను. హైదరాబాద్ పోలీస్ అకాడమీ చౌరస్తా నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. అందరి నోట అది బీజాపూర్ రోడ్డు. సర్కారు లెక్కలో 163వ నంబరు జాతీయ రహదారి. దాని రెండు వైపులా 900కు పైగా మర్రిచెట్లున్నాయి. చాలాచోట్ల పైన కొమ్మలు కలిసిపోయి, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా కింద మగ్రిబ్ వేళలా ఉంటుంది.

ఒక చెట్టు కింద బైక్ ఆపి డైరీ తెరిచాను. నా ఆకునూ ఆ చెట్టు లేత ఆకునూ పక్కపక్కన పెట్టాను. ఈనెలు, కొన, నూగు, కాడ, అన్నీ ఒక్కటే. శక్ ఏమీ మిగల్లేదు. అమ్మీ మొదటి చూపులోనే చెప్పింది నిజం. మా నల్లా పక్కన మొలిచింది మర్రి.

తల ఎత్తి చెట్ల వరస చూశాను. చిన్నప్పటి నుంచి వందల సార్లు చూసిందే. ఆ రోజు మాత్రం ఒక సవాల్ తట్టింది. మా ఇంటి మొలకను పక్షి తెచ్చింది. మరి వీటిని?

మర్రి మొలకెత్తే తీరు విచిత్రం. మర్రిపండు అనుకునేది నిజానికి ఒక మూసిన సంచి, పువ్వులన్నీ దాని లోపలే ఉంటాయి. ఆ పువ్వులను కలపడానికి చీమకన్నా చిన్నదైన ఒక కందిరీగ జాతి పురుగు లోపలికి దూరుతుంది. ఈ ఖాందాన్‌లో ఒక్కో చెట్టుకు దాని సొంత పురుగు ఉంటుంది. మర్రి పురుగు పేరు యూప్రిస్టినా మసోనీ. అది లేకపోతే విత్తనం లేదు. పండిన కాయను గోరువంక, బుల్బుల్, కోయిల, రాత్రిపూట గబ్బిలం తింటాయి. గింజ ఆవగింజకన్నా చిన్నది. రెట్టతో పాటు గోడ సందులోనో, తాటిచెట్టు మట్టల మధ్యనో, పాత బావి రాళ్లలోనో పడితే, తడి దొరికితే మొలుస్తుంది. అంటే పక్షి నాటిన మర్రి ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. వరస కట్టదు.

సడక్‌కు ఇరువైపులా, దూరం చూసుకుని నిలబడిన చెట్లు పక్షుల పని కాదు. దక్కన్‌లో సడక్ పక్కన మర్రి నాటే పాత పద్ధతి వేరు. పెద్ద చెట్టు నుంచి మనిషి ఎత్తుకు పైనుండే లావుపాటి కొమ్మలు నరికి, వాన మొదలవగానే గుంటలు తీసి పాతేవాళ్లు. పశువులు మేయకుండా అంత ఎత్తు కొమ్మ. చుట్టూ ముళ్లకంప. వేర్లు పట్టే దాకా రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు మోయాలి. ఈ చెట్లు నిజాం కాలంనాటివని ఊళ్లలో పెద్దలు చెప్తారు, అందరూ వాటిని నిజాం చెట్లనే అంటారు. ఫర్మాన్ నిజాందే కావచ్చు. కావడి మోసిన భుజం మాత్రం నిజాంది కాదు. ఈ చుట్టుపక్కల ఊళ్ల కూలీలది. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఆ వరసే వాళ్ల దస్తఖత్.

*

సడక్‌కు సాయా ఇవ్వడం అనే ఆలోచన ఈ దేశంలో ఎంత పాతదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు, మనుషులకూ పశువులకూ నీడ కోసం దారుల వెంట మర్రిచెట్లు నాటించానని రాయి మీద చెక్కించాడు. ఆ మాటలున్న స్తంభాన్ని పద్నాలుగో శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ ఎంతో జాగ్రత్తగా ఢిల్లీకి తెప్పించి తన కోట్లాలో నిలబెట్టాడు. దాని మీద ఏం రాసి ఉందో ఆయనకు చదివి చెప్పగల పండితుడు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ బ్రాహ్మీ లిపిని విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఒక ముసల్మాన్ సుల్తాన్, తాను చదవలేని ఒక బౌద్ధ రాజు మాటను ఆరాధనగా కాపాడి మన దాకా చేర్చాడు. ఆ మాటలో మర్రిచెట్టు ఉంది.

తర్వాత షేర్ షా సూరీ సడకుల వెంట సరాయిలు కట్టించి, ఇరుపక్కలా చెట్లు నాటించిన సంగతి బడి కితాబుల్లోనే చదివాం. మొఘల్ కాలంలో ఆగ్రా నుంచి లాహోర్ దాకా చెట్ల వరసను యూరప్ ముసాఫిర్లు మెచ్చుకుంటూ రాశారు. మన వైపు గోల్కొండలో కుతుబ్ షాహీలు, బీజాపూర్‌లో ఆదిల్ షాహీలు. రెండు సల్తనత్‌ల మధ్య పెళ్లి సంబంధాలూ నడిచాయి, జంగులూ నడిచాయి. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయాయి. సల్తనత్‌లు పోయి మూడు వందల ఏళ్లు దాటినా మన నోట్లో సడక్ పేరు మాత్రం బీజాపూర్ రోడ్డే.

ఇంకో సంగతి. ఇంగ్లీషులో మర్రిని బన్యన్ అంటారు కదా, అది మన బనియా మాటే. ఇరాన్ తీరంలో గొంబ్రూన్ అనే బందరు దగ్గర గుజరాతీ బనియాలు ఒక మర్రి కింద కలుసుకునేవాళ్లు. యూరప్ వాళ్లు దాన్ని బనియాల చెట్టు అన్నారు. వజ్రాల కోసం మన గోల్కొండకు వచ్చిన తావెర్నియే కూడా ఆ చెట్టు గురించి రాశాడు. అంటే ఆ పేరు చెట్టు చూసి పెట్టింది కాదు. దాని నీడలో కూర్చున్న మనుషులను చూసి పెట్టింది.

హైదరాబాద్ వాళ్లకు చెట్టు విలువ ఎవరో చెప్పాల్సిన పని లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీ వచ్చినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి తోటలోని చింతచెట్టు మీదికెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది. అదే వరదలో షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ బిడ్డనూ పోగొట్టుకుని తాను ఒక్కడే బతికాడు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మా మొయినాబాద్ ఆ రెండు చెరువుల ఒడిలో ఉంది. 1996లో 111 నంబరు జీవో వచ్చి, ఆ నీళ్ల చుట్టూ 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను ఆపింది. ఈ మర్రులు ఇన్నేళ్లు నిలవడానికి, ఇటు నగరం తొందరగా ఎగబాకకపోవడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

*

ఇంత తారీఖ్ తలలో మోసుకుని, డైరీలో ఆకు పెట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మీకి చెప్పాను. "మైనే బోలీ నా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ ఖాలాకు చెప్పకు. ఈ జుమ్మా లోపల పీకెయ్" అంది.

నేను పీకలేదు, చెప్పనూ లేదు. మొక్క ముందు ఒక బకెట్ బోర్లించి పెట్టాను. నలభై దాటిన మనిషిని, పత్రికలో పని చేసేవాణ్ని, ఒక మొక్కను దాచాను.

అలా ఉండగానే నవంబర్ 3 వచ్చింది. పొద్దున్నే చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. కంకరంతా బస్సులోని మనుషుల మీద పడింది. 19 మంది పోయారు. కాలేజీలకు, కొలువులకు, ఆస్పత్రులకు బయల్దేరినవాళ్లు. ఆ రోజు మా మొహల్లాలో పొయ్యి సరిగ్గా వెలగలేదు.

మరుసటి రోజు నుంచే మాటలు మొదలయ్యాయి. రోడ్డు వెడల్పు కాకపోవడం వల్లే ఇదంతా అన్నారు కొందరు. చెట్ల కోసం కేసులేసినవాళ్లదే తప్పు అన్నారు. నాలుగు వరసల రోడ్డు మాట చాలా ఏళ్ల నుంచి ఉంది. చెట్లు నరక్కూడదని సేవ్ బన్యన్స్ ఆఫ్ చేవెళ్ల పేరుతో కొందరు నగరవాసులు కదిలారు, నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ దాకా వెళ్లారు. చెట్లను అడ్డగోలుగా కొట్టకుండా, వీలైనన్నిటిని ఉన్నచోటే ఉంచి మిగతావాటిని వేళ్లతో సహా వేరే చోటికి మార్చాలన్నది వాళ్లు పట్టుబట్టిన మాట. రోజూ బస్సులో నిలబడి వెళ్లేవాడు మాత్రం మా బిడ్డలు ఇంటికి రావాలి కదా అంటాడు. నేను రెండు వైపులవాళ్లనూ కలిశాను. రెండు వైపులా అబద్ధం చెప్పేవాళ్లెవరూ నాకు కనపడలేదు.

మన దీన్ దీని గురించి ఏం చెప్తుందని ఆ రాత్రి కితాబులు తీశాను. ముసల్మాన్ ఒక చెట్టు నాటితే, దాని నుంచి మనిషి తిన్నా పక్షి తిన్నా పశువు తిన్నా నాటినవాడికి సదఖా అని సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెంటిలోనూ ఉంది. ఇది అందరికీ తెలిసిందే, జుమ్మా ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. మనం తక్కువగా వినేవి ఇంకో రెండున్నాయి.

ఒకటి సహీహ్ ముస్లింలోది. దారిన పోయేవాళ్లకు ఇబ్బంది పెడుతున్న ఒక చెట్టును నరికిన మనిషిని జన్నత్‌లో సుఖంగా ఉండగా చూశానని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. రెండోది సునన్ అబూ దావూద్‌లోది. రేగుచెట్టును నరికినవాడికి జహన్నుమ్ అని కఠినమైన హెచ్చరిక. ఒకచోట నరికినవాడికి జన్నత్, ఇంకోచోట నరికినవాడికి జహన్నుమ్. ఎలా అర్థం చేసుకోవాలి? ఇమామ్ అబూ దావూద్ గారే దానికి వివరణ ఇచ్చారు. ఎడారిలో ముసాఫిర్లూ పశువులూ ఏ చెట్టు కింద నీడ తీసుకుంటారో, అలాంటి చెట్టును హక్కు లేకుండా, అన్యాయంగా నరికినవాడి గురించి ఆ మాట అని.

ఇంకో హదీసు కూడా ఇక్కడ గుర్తొచ్చింది. జనం నడిచే దారిలో గానీ, జనం కూర్చునే నీడలో గానీ మలమూత్రాలు చేసేవాడు లానత్ కొని తెచ్చుకుంటాడని సహీహ్ ముస్లింలో ఉంది. దారినీ నీడనూ హుజూర్ ఒకే మాటలో కలిపి చెప్పారు. రెండూ జనానివి. రెండూ ముసాఫిర్ హక్కులు. మనమే ఇప్పుడు రాస్తా ఒకవైపు, సాయా ఇంకోవైపు పెట్టి, ఎటువైపు నిలబడతావని ఒకరినొకరం అడుగుతున్నాం.

నాకర్థమైనంతలో చెప్తాను, నేను ఆలిమ్‌ను కాను. చెట్టు తనంతట తాను ముజ్రిమ్ కాదు, వలీ కాదు. ఎక్కడుంది, ఎవరికి నీడనిస్తోంది, ఎవరికి ముప్పు తెస్తోంది, ముప్పు తప్పించడానికి వేరే దారి ఉందా, ఇవి ఒక్కో చెట్టును చూసి అడగాల్సిన సవాళ్లు. మలుపు మీద మనిషి ప్రాణానికి అడ్డమైన చెట్టు వేరు, బస్టాపులో కూరగాయలమ్మే ముసలమ్మకు కప్పైన చెట్టు వేరు. తొమ్మిది వందలనూ ఒకే గొడ్డలితో చూసినా తప్పే, ఒకే దండతో చూసినా తప్పే. ముందు ఒక్కోదాన్నీ గుర్తుపట్టాలి.

మర్రి మొండి ప్రాణి అన్నది కూడా మర్చిపోవద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టి కొమ్మ విరిగిపడినప్పుడు, 2018లో రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, ఊడలకు ఆసరాలు కట్టారు. ఏడు వందల ఏళ్లనాటిదని చెప్పే ఆ చెట్టు నిలబడింది. దాని పక్కనే దర్గా ఉంది, అన్ని మతాలవాళ్లూ వస్తారు. కొమ్మ పాతితే చెట్టయ్యే జాతి ఇది. ఓపికుంటే జాగా మార్చినా బతుకుతుంది.

*

నవంబర్‌లో రెండో జుమ్మా. ఖాలా వచ్చింది. వుజూకు వెళ్లి, బకెట్ కావాలని ఎత్తింది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను, ఆపలేకపోయాను.

చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచి, తిరిగి చూడకుండానే అడిగింది. "యే కౌన్సా ఝాడ్ హై రే?"

రబ్బరు మొక్క అనొచ్చు. ఫోన్ గవాహీ కూడా ఉంది. రావి అనొచ్చు. పెద్దయ్య గవాహీ ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. మూడు నెలలు ఆకులు లెక్కపెట్టి, ఈనెలు చూసి, నలభై కిలోమీటర్లు తిరిగి నిజం తెలుసుకున్నది ఖాలాకు అబద్ధం చెప్పడానికా?

"బడ్ కా హై ఖాలా" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. నల్లా తిప్పి వుజూ మొదలుపెట్టింది. చేతులు, ముఖం, మోచేతులు. కాళ్లు కడిగిన నీళ్లు ఎప్పటిలాగే గట్టు మీంచి జారి ఆ సందులోకి పోయాయి. అప్పుడర్థమైంది నాకు. వానలు తగ్గాక కూడా ఆ మొక్క ఎలా బతికిందా అనుకుంటున్నాను. నేనొక్కసారి నీళ్లు పోయలేదు. మా ఇంటివాళ్ల వుజూ నీళ్లతో బతికింది. అందులో ఖాలావి కూడా ఉన్నాయి.

నమాజు అయ్యాక, చాయ్ తాగుతూ ఆమే మాటెత్తింది. "మీ ఖాలూ ఆ రోజు పొద్దున కూడా ఆ చెట్ల కిందే ఆగి టిఫిన్ తిన్నారంట. ఆయనతో పోయిన సేఠ్ చెప్పాడు" అంది. ఇరవై ఏళ్లలో ఆమె ఆ మాట చెప్పడం నేను మొదటిసారి విన్నాను. కాసేపాగి, "గోడ పక్కన కైకు రే? గోడ పగులుతుంది. రేపు ఎవరి మీదన్నా పడుతుంది. సడక్ పక్కన అసలే నక్కో. ఎక్కడన్నా మనుషులు కూర్చునే చోట పెట్టు, బండ్లు రాని చోట" అంది.

అమ్మీ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కితాబులన్నీ తిరగేసి నేను తేల్చుకున్న సంగతిని ఆమె చాయ్ చల్లారే లోపల చెప్పేసింది.

డిసెంబర్‌లో గట్టు సిమెంటు కొంచెం పగలగొట్టి, వేరు తెగకుండా మొక్కను తీశాను. మొక్క జానెడే, వేరు మాత్రం మూరెడు పోయింది. పక్కింటి పెద్దయ్య వచ్చి పట్టుకున్నాడు. "రావి అనుకున్న సాబ్, మర్రే" అని ఒప్పుకుని, తన పొలం నుంచి చెరువు మట్టి తెచ్చిచ్చాడు. ఇప్పుడది పదిహేను కిలోల నూనె డబ్బాలో ఉంది. ఎనిమిది రోజులు వాలిపోయి, ఆకులు నాలుగు రాల్చి, మళ్లీ కొనలో తొడుగు పొడుచుకొచ్చింది.

మా ఖబ్రస్తాన్‌లో వెనక వైపు, గోడకూ గోరీలకూ దూరంగా, జనాజా తెచ్చినవాళ్లు ఎండలో నిలబడే ఖాళీ జాగా ఒకటుంది. అక్కడ నీడ లేదు. కమిటీవాళ్లను అడిగాను, సరేనన్నారు. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే నాటాలి. మూడు ఎండాకాలాలు నీళ్లు మోయాలి, అది నా జిమ్మా.

ఖాలూ గోరీ అక్కడికి యాభై అడుగులు ఉంటుంది. ఆ సంగతి ఖాలాకు కూడా చెప్పాను. ఈసారి దాచలేదు. "అంత దూరం చాలు" అంది.